తొంభై ఏడు డిగ్రీలు

మా ఇంట్లో ఫ్రిజ్ కొని పదకొండేళ్ళయింది. దాని తలుపు మీద అంటించి పంపిన ప్లాస్టిక్ పొర ఇవాళ్టికీ అలాగే ఉంది. అంచులు పసుప్పచ్చగా మారి, మూలల్లో లేచి, లోపల చీమలు కాపురం పెట్టినా సరే, దాన్ని తీయడానికి వీల్లేదు. టీవీ రిమోటుకీ అదే కథ, గోడగడియారానికీ అదే కథ. నేను గోరు పెట్టి ఓ మూల లేపితే చాలు, మా ఆయన ఏ గదిలో ఉన్నా ప్రత్యక్షమైపోతారు. "ఉండనీ, గీతలు పడతాయి" అంటారు. ఈ కొత్తదనమంతా దాచి ఎవరికి అప్పజెప్పాలో ఆయనా చెప్పలేదు, నేనూ అడగడం మానేశాను.

మా ఆయన కంప్యూటర్లు బాగుచేస్తారు. మా ఇంటి ముందు గదే దుకాణం. ఒక పొడవాటి బల్ల, దాని మీద మెడ వంగే దీపం, గోడకి అరలు, అరల నిండా పొట్ట విప్పిన కంప్యూటర్లు. ఆ గదికీ వంటగదికీ మధ్య ఒక తెర. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో సగం ఆ తెర వెనకే గడిచింది కాబట్టి, దుకాణంలో చీమ చిటుక్కుమన్నా నాకు తెలుస్తుంది.

ఎవరైనా చెడిపోయిన మెషిన్ తెస్తే ఆయన వెంటనే స్క్రూడ్రైవర్ అందుకోరు. స్విచ్ వేసి, డబ్బా పక్కన అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఫ్యాను చప్పుడు వింటారు. పసిపిల్లకి జ్వరం చూస్తున్నట్టే ఉంటుంది. తెచ్చినవాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడతారు. కాసేపటికి కళ్ళు తెరిచి, జబ్బు ఇదీ అని చెప్పేస్తారు. పదిసార్లలో తొమ్మిదిసార్లు అదే అవుతుంది. అందుకే చుట్టుపక్కల అందరూ ఆయన్ని డాక్టరు గారనే పిలుస్తారు. ఆ పదోసారి సంగతి మాత్రం ఆయన ఒప్పుకోరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

రెండేళ్ళ కిందట ఆయనకు చత్వారం వచ్చింది. కళ్ళజోడు చేయించుకున్నారు కూడా. అది బల్ల సొరుగులో, దాని డబ్బాలో భద్రంగా ఉంది.

"జోడు పెట్టుకుని గుచ్చి గుచ్చి చూస్తుంటే, వీడికేం కనబడుతుందిలే అనుకుంటారు జనం" అన్నారు.

"పెట్టుకోకపోతే నిజంగానే కనబడదు కదండీ."

"నాకు వేళ్ళతో కనబడుతుందిలే."

అలాంటి మనిషితో ఏం వాదిస్తాం? నేను వంటగదిలోకి వెళ్ళిపోయాను.

బొమ్మలమ్మాయి మా గడప తొక్కింది ఆ జోడు సొరుగులోకి చేరాకే. ఆ పేరు మేం పెట్టుకున్నదే. ఆ పిల్ల తొమ్మిదేళ్ళు చెప్పుల కొట్లో వంగి వంగి జనం పాదాలు కొలిచింది. సాయంత్రాలు క్లాసులకు వెళ్ళి, కట్టబోయే ఇళ్ళకు ముందుగానే బొమ్మలు చేసే పని నేర్చుకుంది. గోడ లేవకముందే ఏ గదిలో ఎండ ఎక్కడ పడుతుందో, కుర్చీ నీడ ఎటు వాలుతుందో ఫొటో తీసినట్టు చూపించాలట. ఆ పని చేయించే స్టూడియో ఒకటి, మూడు నెలలు చూసి నచ్చితే ఖాయం చేస్తామంది. ఇంట్లో కూర్చునే పని, సొంత కంప్యూటరు ఉండాలి. స్టూడియోలోని పన్నెండు మెషిన్లూ మా ఆయన చేతి కింద ఉన్నవే కాబట్టి, యజమానే ఆ అమ్మాయిని మా దగ్గరికి పంపాడు. మా ఆయన ఒక పూటంతా కూర్చుని మెషిన్ బిగించి ఇచ్చారు.

కంప్యూటర్లో లెక్కలన్నీ చేసేది ప్రాసెసర్ అనే చిన్న పలక. అగ్గిపెట్టెకన్నా చిన్నది. పని పెరిగేకొద్దీ అది వేడెక్కుతుంది. అందుకని దాని నెత్తిన కూలర్ అని ఒక బరువైన దాన్ని కూర్చోబెడతారు. దాని అడుగు రాగిది, పైన ఫ్యాను. రెంటి మధ్యా కాస్త బూడిదరంగు పేస్టు పూస్తారు. వేడి పలకలోంచి రాగిలోకి ఎక్కుతుంది, ఫ్యాను దాన్ని బయటికి తోసేస్తుంది. తెర వెనక అన్నేళ్ళు ఉంటే ఈమాత్రం చదువు ఎవరికైనా అబ్బుతుంది.

పది రోజులకే ఆ అమ్మాయి మెషిన్ మోసుకొచ్చింది.

"అంకుల్, బొమ్మ పెట్టగానే వేడెక్కిపోతోంది. స్క్రీన్ మూలన వేడి అంకె తొంభై ఏడు చూపిస్తోంది. ఆ తరవాత దానంతటదే నెమ్మదైపోతోంది. ఒక్కోసారి ఠక్కున ఆరిపోతోంది కూడా."

ఆయన విప్పి, ఫ్యాను మార్చి, పాత పేస్టు తుడిచి కొత్తది పూసి, మూత వేసి, ఒక పాట పెట్టి చూశారు. మెషిన్ హాయిగా పాడింది. మా దగ్గరికి వచ్చేవన్నీ ఉత్తరాలు రాసుకునేవీ, పిల్లలు పాఠాలు వినేవీ. వాటికి ఆ పరీక్ష చాలు. గంటల తరబడి బరువు మోసే మెషిన్‌ని బరువు పెట్టే చూడాలని ఆయనకు తోచలేదు.

ఇంకో రెండు వారాలకు మళ్ళీ వచ్చింది. మళ్ళీ విప్పారు, మళ్ళీ పేస్టు మార్చారు. ఈసారి అరచెయ్యి ఆనించి చాలాసేపు విన్నారు.

"మెషిన్లో ఏం లేదమ్మా. నువ్వే దాని నెత్తిన మోయలేనంత పెడుతున్నావు. మనిషికైనా రొప్పు రాదూ? కొంచెం కొంచెంగా పెట్టుకో. కిటికీ తెరుచుకో."

"స్టూడియోలో ఇలాంటి మెషినే అయితే బొమ్మ గంటలో అయిపోతోంది, అంకుల్."

అక్కడ ఆయనకు చురుక్కుమంది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది తల్లీ" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, అన్నారు. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. "పని కొత్త కదమ్మా, చెయ్యి తిరిగేదాకా అలాగే ఉంటుందిలే" అని తెర పక్కనుంచి నేనూ ఓ మాట కలిపాను. కలపకుండా ఉంటే బాగుండేది.

రెండో నెల దాటాక స్టూడియో యజమాని ఫోన్ చేశాడు. మా ఆయన చెవి దగ్గర పెట్టుకున్నా అవతలి గొంతు నాకు వినబడుతూనే ఉంది. "ఆ అమ్మాయి మెషిన్ బాగానే ఉందా మాస్టారూ? ఒక్క బొమ్మా వేళకి రావట్లేదు. అడిగితే మెషిన్ వేడెక్కుతోందంటోంది."

"నా చేతుల్తో బిగించాను సార్. మెషిన్‌కేం ఢోకా లేదు" అన్నారు మా ఆయన.

ఆ మాట విని నేను గర్వపడ్డాను కూడా. అదే నాకిప్పుడు సిగ్గు.

ఆ రోజుల్లో ఆ పిల్ల ఏం పడిందో మాకు తరవాత తెలిసింది. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ కంప్యూటరు వైపు తిప్పి, తను చెమటలు కక్కుకుంటూ కూర్చునేదట. పక్కనే వాళ్ళమ్మ మంచం మీద కూర్చుని అట్టముక్కతో కూతురికి విసిరేదట. గంటలో రావలసిన బొమ్మకు అయిదు గంటలు. అంకె తొంభై ఏడు దాటితే భయం, ఆరిపోతే మళ్ళీ మొదటికి. చివరికి బొమ్మలో నీడలు తగ్గించి, ఎండ తగ్గించి, మెషిన్ మోయగలిగినంతే చేసి పంపింది. అవి వెలవెలబోయి ఉన్నాయని స్టూడియో తిప్పి పంపింది. మూడో నెల నిండకముందే, నీవల్ల కాదులే అమ్మా అని చెప్పేశారు.

అప్పుడు మూడోసారి వచ్చింది. మెషిన్‌ని పాత దుప్పట్లో మూటకట్టి చంకనెత్తుకుని తెచ్చి బల్ల మీద దించింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"దీన్ని ఎవరికైనా ఇప్పించెయ్యండి అంకుల్. నేను సోమవారం నుంచి మళ్ళీ చెప్పుల కొట్టుకే వెళ్తున్నాను."

"అదేంటమ్మా, ఇంత కష్టపడి నేర్చుకుని?"

"మెషిన్ మంచిదే అంకుల్, మీరన్నారుగా. నాకే చేతకాలేదు."

ఆ మాట ఏడుస్తూ అని ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున, కొనేవాళ్ళకి చూపించే ముందు ఒకసారి తుడిచి పెడదామని మా ఆయన మెషిన్ విప్పారు. దీపం మెడ వదులై తల వాల్చేస్తుంటే పట్టుకోమని నన్ను పిలిచారు. నా కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది. ఆయన కూలర్ని ఊడదీసి, తిరగేసి, గుడ్డతో పేస్టు తుడుస్తున్నారు. దీపం వెలుగు రాగి మీద పడింది.

"ఏమండీ, ఆ మూలన బుడగేంటి?"

"బుడగేంటి? రాగికి బుడగలుంటాయా?"

"ఇదిగో, ఇక్కడ." గోరు పెట్టాను. పదకొండేళ్ళుగా ఆ ఫ్రిజ్ మీద ఆరాటపడుతున్న గోరు అది. మూల లేచింది. పట్టుకుని లాగితే చర్రుమంటూ అగ్గిపెట్టెంత వెడల్పున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఊడి వచ్చింది. దాని కింద రాగి ధగధగా మెరుస్తోంది. పేస్టు ఒక్కసారి కూడా దాన్ని తాకలేదు.

ఆయన పొరను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు. దాని మీద సన్నటి ఎర్ర అక్షరాలున్నాయి. ఆయనకు కనబడలేదు. నేనే చదివాను. బిగించే ముందు దీన్ని తప్పక తీసివేయాలని ఉంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఫ్యాను మార్చారు, పేస్టు మార్చారు, కిటికీలు తెరిపించారు, చివరికి ఆ పిల్లదే తప్పన్నారు. రెండుసార్లూ ఆ పొర మీదే తుడిచి, ఆ పొర మీదే పూశారు. రాగికి గీత పడకూడదని కూలర్ కూర్చోబెట్టే క్షణందాకా పొర తీయకపోవడం ఆయన పద్ధతి. చివరి క్షణంలో తీస్తారు. ఈసారి ఆ చివరి క్షణం ఏమైందో నాకు ఠక్కున గుర్తొచ్చింది.

"నేను పిలిచానండీ" అన్నాను. "ఆ రోజు భోజనం చల్లారిపోతోందని మూడుసార్లు పిలిచాను. మూడోసారి అరిచాను. మీరు గబగబా ఏదో పెట్టేసి లేచి వచ్చారు."

"నువ్వు భోజనానికి పిలిచావు. పొర తీయొద్దని చెప్పలేదుగా" అన్నారు ఆయన. అంతకుమించి ఆ సంగతి ఎత్తలేదు, అప్పుడూ, తరవాతా.

సొరుగు తీసి, డబ్బాలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. పలక తుడిచి, రాగి తుడిచి, పేస్టు పూసి, కూలర్ బిగించారు. ఆ అమ్మాయి చేస్తూ వదిలేసిన బొమ్మ ఒకటి అందులోనే ఉంది. దాన్ని నడిపించి, ఇద్దరం స్టూళ్ళు వేసుకుని కూర్చున్నాం. అంకె నలభై, యాభై ఎనిమిది, అరవై మూడు, అరవై అయిదు. అక్కడ ఆగింది. పావుగంట, అరగంట, ఇంకా అరవై అయిదే. గంటా అయిదు నిమిషాలకు బొమ్మ పూర్తయింది. ఒక ఖాళీ గది, కిటికీ, నేల మీద వాలు ఎండ. గుమ్మం పక్కన చిన్నపిల్లల చెప్పుల జత, అందులో ఒకటి బోర్లా పడి ఉంది. ఎవరు పెట్టమన్నారో ఆ చెప్పులు! ఆ గదిలో ఒక పిల్ల ఇప్పుడే లోపలికి పరిగెత్తినట్టుంది. అంత పనితనం ఉన్న పిల్లని మేం మద్దెల పేరు చెప్పి వెక్కిరించాం. మా ఆయన జోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఇక్కడ నా బుద్ధి కూడా చెప్పాలి. "ఎవరికీ చెప్పకండి" అన్నాను. "లోపల ఒక పార్టు పోయింది, మార్చానని చెప్పండి. మెషిన్ బాగైందిగా, అది చాలు. ముప్పై ఏళ్ళ పేరు ఒక్క ప్లాస్టిక్ ముక్కకి పోగొట్టుకుంటారా?"

ఆయన మింగలేక కక్కలేక అన్నట్టు కూర్చున్నారు. నేను చెప్పినట్టే చేద్దామని ఆయనకూ ఉందని మొహం చూస్తే తెలుస్తోంది. చివరికి, "నేను ఫోన్లో ఏమన్నానో నువ్వు విన్నావుగా" అన్నారు.

"విన్నాను."

"ఆ అమ్మాయి మాట వాళ్ళు నమ్మేవాళ్ళే. నమ్మనీయంది నేను."

లేచి చీర మార్చుకుని ఆయనతో స్టూడియోకి నేనూ బయల్దేరాను.

స్టూడియోలో పన్నెండు మంది పన్నెండు మెషిన్ల ముందు కూర్చుని ఉన్నారు. యజమాని అద్దాల గదిలోకి రమ్మన్నా మా ఆయన వెళ్ళలేదు. అందరి మధ్యా నిలబడి, జేబులోంచి ఆ పొర తీసి బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పారు. తప్పు ఆ అమ్మాయిది కాదు, నాది సార్, అన్నారు. ఆమె బొమ్మను ఒక పెన్‌డ్రైవ్‌లో తెచ్చి ఉంచారు. అదీ ఇచ్చారు. ఎవరో వెనక కిసుక్కుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

యజమాని బొమ్మను పెద్ద తెర మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది ఎంతసేపట్లో వచ్చింది?"

"గంటా అయిదు నిమిషాలు సార్."

అతను అక్కడే నిలబడి ఆ అమ్మాయికి ఫోన్ చేశాడు. సోమవారం నుంచి పని పంపిస్తాను, చెయ్యమ్మా, ఈసారి ఖాయమే అన్నాడు. ఫోన్ పెట్టేసి మా ఆయన వైపు తిరిగాడు. "మీరు వచ్చి చెప్పడం పెద్ద మనసే, కాదనను. కానీ మీ మాట మీద నేనొక మనిషిని తీసేశాను మాస్టారూ. ఇక మా మెషిన్లు మీరు ముట్టుకోవద్దు."

"సరే సార్" అన్నారు మా ఆయన. ఇద్దరం నడిచే ఇంటికొచ్చాం. దారిలో నేను ఆ యజమానిని నోటికొచ్చినట్టు తిట్టాను.

మర్నాడు పొద్దున్నే బొమ్మలమ్మాయి వచ్చింది. ఉద్యోగం తిరిగొచ్చిన సంబరం మొహంలో ఉంటుందనుకున్నాను. లేదు. యజమాని సంగతంతా చెప్పేసినట్టున్నాడు.

"ఏదంకుల్ అది?" అంది.

ఆయన పొరను ఆమె చేతిలో పెట్టారు. "తప్పు నాదమ్మా. క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు. అయినా అడుగుతున్నాను."

ఆమె దాన్ని వెలుగుకు పెట్టి చూసింది. ఆ పొరలోంచి ఆమె కళ్ళు స్పష్టంగా కనబడుతున్నాయి. "ఇంత పల్చనా?" అంది. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టింది.

"మా అమ్మ రోజూ అడిగేది అంకుల్, మెషిన్లోనే ఏదో ఉందేమో మళ్ళీ చూపించరాదూ అని. డాక్టరు గారు చూశారమ్మా, ఆయన చెప్పాక ఇంక లేనట్టే అనేదాన్ని. తప్పులు నాలోనే వెతుక్కున్నాను. మీ మాట నమ్మి నన్ను నేను నమ్మడం మానేశాను."

నా నాలుక దురద పెట్టింది. నీకోసం ఆయన పన్నెండు మెషిన్లు పోగొట్టుకున్నారమ్మా, అందరి ముందూ నిలబడి నవ్వులపాలయ్యారమ్మా అనబోయాను. మా ఆయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు.

"ఇలాంటి కూలర్లు ఇంకెన్నిటికి బిగించారు?" అని అడిగింది.

"చూపు తగ్గాక పధ్నాలుగు. ఇవాళ్టి నుంచి ఒక్కొక్క ఇంటికీ వెళ్ళి విప్పి చూస్తాను."

ఆమె తలూపింది. మెషిన్ మూట కట్టుకుని వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. స్టూలు లాక్కుని బల్ల లోపలివైపు, ఆయన కూర్చునే చోట కూర్చుంది.

"ఆ స్క్రూడ్రైవర్ ఇవ్వండి. ఇకమీద దీన్ని నేనే విప్పుకుంటాను, నేనే బిగించుకుంటాను. ఎలాగో చెప్పండి."

ఆ స్క్రూడ్రైవర్ని ఆయన నన్ను కూడా ముట్టుకోనివ్వరు. తీసి, పిడి ఆమె వైపు తిప్పి ఇచ్చారు. మొదటి స్క్రూ దగ్గరే ఆమె చెయ్యి జారింది. ఆయన చెయ్యి చప్పున ముందుకు వెళ్ళింది.

"వద్దంకుల్" అంది, తల ఎత్తకుండా. "మీరు చూస్తూ ఉండండి, చాలు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మెషిన్ తెచ్చినవాళ్ళు నిలబడే చోట నిలబడి, చూస్తూ ఉన్నారు.